సీమ నుంచి మంచు కొండలకి: ఏడాదంతా ఎలా రెడీ అవ్వాలి, ఎలా పోవాలి

అనంతపురం, కడప, కర్నూలు పక్కల నుంచి ఇప్పుడు శానా మంది పిల్లోళ్లు హిమాలయాలకి పోతున్నారు, చూస్తే నిజంగా సంతోషంగా ఉంటుంది. కానీ ఎక్కువ మంది అడిగేది ఒకటే, అన్నా కశ్మీర్ లో గుల్మార్గ్ పోతే స్కీయింగ్ చేయొచ్చా, టికెట్ బుక్ చేసుకోమంటావా అని. స్కీయింగ్ అంటే కాళ్లకి స్కీ అనే పొడుగు పలకలు బిగించుకుని మంచు మీద జారడం. గొండోలా అనే కేబుల్ కారు పక్కన చదును చేసిన వాలు మీద ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని జారడానికైతే ఇప్పుడే పోవచ్చు, దానికి పెద్ద ప్రిపరేషన్ అక్కర్లేదు. లిఫ్ట్ లేకుండా, వీపు మీద మన బ్యాగు మోసుకుంటూ, ఎవరూ తొక్కని మంచులో సొంత కాళ్లతో పైకెక్కి ఆడ నుంచి కిందికి జారాలంటే మాత్రం తక్కువలో తక్కువ ఒక ఏడాది పని ఉంది, రెండేళ్లయినా తప్పులేదు. ఆ ఏడాదిలో సగం పైన పని మన కొండల్లోనే అయిపోతుంది, అది ఎట్లో చెప్తా.

మన దగ్గర మంచు లేదు, ఎత్తు లేదు, అది ఒప్పుకోవాల్సిందే. అనంతపురం ఊరు సముద్ర మట్టానికి 335 మీటర్ల దగ్గర ఉంటే హార్స్లీ హిల్స్ కూడా 1265 మీటర్లే. కానీ కాళ్ల బలం, బ్యాగు సర్దుకోవడం, నీళ్ల లెక్క, వాతావరణం చూసి వెనక్కి తిరిగే అలవాటు, ఇవన్నీ ఈడే నేర్చుకోవచ్చు. నిజామాబాద్ జిల్లా నుంచి మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది కదా, ఆ అమ్మాయి మొదట రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది భువనగిరి బండ మీదే, డార్జిలింగ్, లడఖ్ ఆ తర్వాత వచ్చినాయి.

జూన్ నుంచి సెప్టెంబర్: ముందు కాళ్లు

ఎండలు తగ్గినాక జూన్ ఆఖర్లో మొదలుపెట్టండి. పెనుకొండ, గుత్తి కోట, రాయదుర్గం కోట, మీకు ఏది దగ్గరైతే అది, వారానికి రెండు సార్లు ఎక్కి దిగండి. మొదటి నెల ఖాళీ చేతులతో, తర్వాత బ్యాగులో నీళ్ల బాటిళ్లు పెట్టుకుని అయిదు కిలోలు, అట్ల నెలకి రొంత రొంత పెంచుకుంటూ పది కిలోల దాకా పోండి. పైకి పోయినాక ఆ నీళ్లు యాడైనా చెట్టు మొదట్లో పోసేసి తేలిక బ్యాగుతో దిగండి, ఎందుకంటే మోకాళ్లు దెబ్బతినేది ఎక్కేటప్పుడు కాదు, బరువుతో దిగేటప్పుడు. రెండు మూడు నెలలకి కాళ్లు గట్టిపడినాక బరువుతోనే దిగడం కూడా అలవాటు చేసుకోండి.

కొండకి పోని రోజుల్లో ఇంట్లో స్క్వాట్లు, లంజెస్, గోడకి వీపు ఆనించి కుర్చీ వేసినట్టు కూర్చోవడం చేయండి. ఈ మూడోది స్కీయింగ్ కి చాలా ముఖ్యం, జారేటప్పుడు తొడలు దాదాపు అదే పొజిషన్ లో గంటలు గంటలు ఉండాలి. అయిదు కిలోమీటర్లు 35 నిమిషాల లోపల ఆయాసం లేకుండా పరిగెత్తగలిగితే మొదటి హిమాలయ ట్రెక్ కి మీ ఊపిరి సరిపోతుంది.

షూస్ ఇప్పుడే కొనండి, ట్రెక్ కి రెండు రోజుల ముందు కాదు. సాయంత్రం పూట షాపుకి పోండి, అప్పటికి పాదాలు రొంత ఉబ్బి ఉంటాయి, మందం సాక్స్ వేసుకుని చూసి, దిగేటప్పుడు వేళ్లు ముందుకి తగలకుండా అర సైజు పెద్దది తీసుకోండి. అవి వేసుకునే మన కొండలు ఎక్కండి, బొబ్బలు వస్తే ఈడే రానీయండి.

మన కొండల్లో తిరగడానికి కొన్ని కండిషన్లు

ఇది దాటేసి పోవద్దు, దయచేసి చదవండి. నల్లమల, శేషాచలం, పాలకొండలు, లంకమల ఇవన్నీ రిజర్వ్ ఫారెస్టులు, కొన్ని శాంక్చురీలు, నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. కడప పక్క అడవుల్లో ఎర్రచందనం వల్ల నిఘా గట్టిగా ఉంటుంది, రాత్రి పూట పెద్ద బ్యాగులు, హెడ్‌లైట్లు పెట్టుకుని పర్మిషన్ లేకుండా అడవిలో కనిపిస్తే మీరు ట్రెక్కింగ్ కి వచ్చినామంటే ఎవరూ నమ్మరు. రేంజ్ ఆఫీసుకి పోయి రూటు చెప్పి పర్మిషన్ అడగండి, ఇస్తే పోండి, లేదంటే అందరూ పోయే దారులు శానా ఉన్నాయి. అహోబిలంలో నవ నారసింహ క్షేత్రాలు తిరుగుతూ ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహ స్వామి దాకా, తెలిసిన మనిషిని తోడు తీసుకుని ఉగ్ర స్తంభం దాకా పోతే బండలు, నీళ్లు, నిలువు ఎక్కుడు అన్నీ ఒకే రోజులో దొరుకుతాయి, ఇంతకంటే మంచి ప్రాక్టీసు గ్రౌండ్ సీమలో నాకైతే కనపడలేదు.

కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల్లో ఎలుగుబంట్లు ఉంటాయి, తెల్లవారు జామున, పొద్దుగూకే వేళ అవి తిరుగుతాయి కాబట్టి ఆ టైంలో బండల సందుల్లోకి పోవద్దు, మాట్లాడుకుంటూ నడవండి. కోటల్లో, లోయ అంచుల్లో పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటే కింద పొగ పెట్టొద్దు. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం ఏవీ చేయకుండా ఆ కాలు కదలకుండా ఉంచి, 108 కి ఫోన్ చేసి, విషానికి ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి ఎంత తొందరగా పోతే అంత మంచిది.

ఇంకొకటి, వంకలో టెంటు వేయొద్దు. ఎండిపోయిన వంకలో ఇసుక మెత్తగా ఉంటుంది, పడుకోవడానికి బాగుంటుంది అనిపిస్తుంది. వాన పైన యాడో కొండలో పడుతుంది, నీళ్లు మీ దగ్గరికి అర్ధరాత్రి వస్తాయి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట పక్క ఊర్లకి ఏమైందో కడప వాళ్లకి నేను చెప్పాల్సిన పని లేదు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ లో మనకి తుపాన్ల వాన ఉంటుంది, ఆ మూడు నెలలూ గట్టు మీదే పడక.

నవంబర్ నుంచి ఫిబ్రవరి: బ్యాగుతో రాత్రులు

ఇప్పుడు బయట పడుకోవడం నేర్చుకోవాలి. గండికోటలో టెంట్లు వేసుకునే ఏర్పాటు ఉంది, కింద పెన్నా లోయ, పైన గాలి బాగా కొడుతుంది, ఆ గాలిలో టెంటు నిలబెట్టడం ప్రాక్టీసు చేస్తే మంచులో చేతులు కొంకర్లు పోయినప్పుడు కూడా ఆ పని చేతికి అలవాటుగా వస్తుంది. కళ్లు మూసుకుని, గ్లౌజులు వేసుకుని టెంటు వేసి చూడండి, ఇది నేను సీరియస్ గానే చెప్తున్నా.

బ్యాగు నాలుగైదు రోజులకి 40 నుంచి 50 లీటర్లది చాలు. నిండిన బ్యాగు బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదు, 60 కిలోల మనిషికి 12 కిలోలు. స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైనవి అంటే తిండి, స్టవ్, నీళ్లు వీపుకి ఆనుకుని మధ్యలో, జాకెట్టు, రెయిన్ కోటు పైన చేతికందేట్టు. నడుం బెల్టు నడుం ఎముక మీద కూర్చోవాలి, బరువు మోసేది భుజాలు కాదు తుంటి. చాలా మంది భుజాల పట్టీలు లాగి లాగి బిగిస్తారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లలో విడివిడిగా కట్టి పెట్టుకోండి, పైన వేసే రెయిన్ కవర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

బట్టల్లో ఒక్కటే రూలు, కాటన్ వద్దు. మన ఎండకి కాటన్ బంగారమే కానీ చలిలో చెమటకి తడిస్తే ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. లోపల పాలిస్టర్ గానీ ఉన్ని గానీ పలచటిది, మధ్యలో ఫ్లీసు, ఆగినప్పుడు వేసుకోవడానికి డౌన్ జాకెట్టు అంటే లోపల పక్షుల మెత్తటి ఈకలు నింపింది, పైన గాలి, నీళ్లు ఆపే షెల్. నడిచేటప్పుడు రొంత చలిగా ఉండేట్టే నడవాలి, చెమట పట్టేదాకా వేసుకుని నడవకూడదు, ఇది మన సీమ వాళ్లకి వెంటనే ఎక్కదు, చలి అనగానే ఉన్నవన్నీ వేసుకుంటారు. డౌన్ జాకెట్టు, మంచు షూస్, షూలోకి మంచు పోకుండా పిక్కలకి తొడిగే గైటర్లు లాంటివి మొదటి సారి కొనొద్దు, బేస్ క్యాంపు ఊర్లలో అద్దెకి దొరుకుతాయి.

తిండికి మార్కెట్లో ప్యాకెట్లు కొనేదానికంటే మన ఇంట్లోవే మేలు. వేయించిన చెనిక్కాయలు, బెల్లం, పల్లీ చిక్కీ, బొరుగులు, పప్పుల పొడి, వేడి నీళ్లు పోస్తే చాలనేట్టు తాలింపు పెట్టుకున్న అటుకులు, రాగి పిండి. చెనిక్కాయల్లో కొవ్వు ఎక్కువ కాబట్టి వంద గ్రాములకి 560 కేలరీల పైనే వస్తాయి, మోసే బరువుకి ఇంత శక్తిచ్చే తిండి తక్కువ. నీళ్లు మన కొండల్లో రోజుకి నాలుగైదు లీటర్లు మోయాల్సిందే, పైన మంచులో నీళ్లు ఉంటాయి కానీ కరిగించుకోవాలి, దానికి గ్యాసు, టైం రెండూ కావాలి. గ్యాస్ డబ్బాలు రైల్లో, విమానంలో తీసుకుపోనియ్యరు, ఆడికి పోయినాకే కొనుక్కోవాలి.

మొదటి మంచు: నడిచి చూడండి, జారడం తర్వాత

కడప, కర్నూలు వాళ్లకి ఏపీ సంపర్క్ క్రాంతి, అనంతపురం వాళ్లకి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ నేరుగా ఢిల్లీకి పోతాయి, ఆడ నుంచి డెహ్రాడూన్. మొదటి మంచు ట్రెక్ కి నా ఓటు కేదార్‌కంఠకే, సాంక్రి ఊరి నుంచి మొదలై 12,500 అడుగుల దాకా పోతుంది, డిసెంబర్ నుంచి మంచు ఉంటుంది, దారి తెలిసిన గైడ్లు ఊర్లోనే ఉంటారు.

ఎత్తు గురించి భయం వద్దు, కానీ మర్యాద ఇవ్వాలి. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీల చలి పెరుగుతుంది, గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గుతుంది. 3,000 మీటర్లు దాటినాక ముందు రాత్రి పడుకున్న చోటు కంటే 500 మీటర్లకి మించి ఎత్తులో పడుకోవద్దు, మూడు నాలుగు రోజులకి ఒక రోజు అదే ఎత్తులో రెస్ట్ తీసుకోండి. తల నొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వస్తే ఇంకా పైకి పోకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి. నడక తడబడినా, మాట తికమకైనా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రనక వెంటనే దించాలి, మెదడుకో ఊపిరితిత్తులకో నీరు పట్టిందని దానర్థం, ఆడ ఆగి చూద్దాం అంటే ప్రాణం పోతుంది. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలంటే ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి వేసుకోండి, సల్ఫా మందులు పడని వాళ్లు ఆ మాట డాక్టర్ కి ముందే చెప్పాలి. ఎవరికైనా బాగాలేకపోతే గ్రూపులో దాచిపెట్టొద్దు, గ్రూపు కోసం ఓర్చుకున్నా అనే మాట కొండ మీద పనికిరాదు.

ఎండ మనకి అలవాటే కదా అనుకుంటారు కానీ తాజా మంచు అల్ట్రావయొలెట్ కిరణాల్లో ఎనభై శాతం దాకా వెనక్కి కొడుతుంది, కింద నుంచి కూడా మొహం మాడుతుంది, నల్ల కళ్లజోడు లేకుండా కొన్ని గంటలు నడిస్తే రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట. కేటగిరీ 3 గానీ 4 గానీ ఉన్న కళ్లజోడు, సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయాలి.

ఫోన్ సంగతి రెండు ముక్కల్లో. జమ్మూ కశ్మీర్ లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కి మార్చుకుని పోండి. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసేజ్ పరికరాలు పర్మిషన్ లేకుండా మన దేశంలో వాడకూడదు, అరెస్టు చేస్తారు.

స్కీయింగ్ కోర్సు

జనవరి ఆఖరు, ఫిబ్రవరి దీనికి టైం. ఉత్తరాఖండ్ లో ఔలి, హిమాచల్ లో మనాలి పక్కన సోలాంగ్, కశ్మీర్ లో గుల్మార్గ్. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, గుల్మార్గ్ లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఇవి గవర్నమెంటువి, ఫీజు తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ, సీట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి నోటిఫికేషన్ రాగానే అప్లై చేయండి. ఒకటి రెండు రోజుల టూరిస్టు స్కీయింగ్ కంటే ఒక వారమో రెండు వారాలో కోర్సు చేస్తేనే ఒంటికి పడుతుంది. తేదీలు రొంత వదులుగా పెట్టుకోండి, 2024 జనవరిలో గుల్మార్గ్ లోనే మంచు పడక నేల కనిపించింది. ఔలి పోయేవాళ్లు జోషీమఠ్ రోప్‌వే నడుస్తుందా లేదా కనుక్కుని పోండి, 2023లో ఆ ఊర్లో నేల కుంగినప్పుడు ఆపేసినారు.

కోర్సులో మొదటి రోజు పడటం, లేవడం నేర్పిస్తారు, సిగ్గు పడొద్దు, పక్కకి పడాలి, చేతులు వెనక్కి పెట్టకూడదు. తర్వాత స్కీ ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం, అడ్డంగా మెట్లు మెట్లుగా ఎక్కడం, మలుపులు. భయమేసినప్పుడు వెనక్కి వాలబుద్ధి అవుతుంది, వాలితే స్కీ మాట వినదు, పిక్కల ముందు భాగం బూటుకి ఆనేట్టు ముందుకే ఉండాలి.

లిఫ్ట్ వదిలి కొండలోకి

కోర్సు అయిన వెంటనే కాదు, ఇంకో సీజన్ వాలు మీద బాగా ప్రాక్టీసు చేసి, కుదిరితే ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ (నిమ్) లోనో డార్జిలింగ్ లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ (హెచ్‌ఎంఐ) లోనో బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు చేసినాక ఇటు రండి.

ఈ పనికి స్కీ వేరే. మడమ పైకి లేచే బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టే బిగింపు ఉంటుంది, అడుగున స్కిన్ అనే పట్టీ అంటిస్తారు, దాని నూగు అంతా ఒకే పక్కకి, ఎద్దు వీపు మీద వెంట్రుకల్లాగా వెనక్కి వాలి ఉంటుంది, అందుకే స్కీ ముందుకి తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే పట్టుకుంటుంది. దాంతో మంచు మీద అడుగులు ఎత్తకుండా జరుపుకుంటూ పైకి పోవచ్చు. పైకి పోయినాక స్కిన్లు పీకి, జిగురు జిగురు ఎదురెదురుగా మడిచి, చొక్కా లోపల పెట్టుకోండి, చలికి జిగురు పోకుండా ఉంటుంది. మడమ లాక్ చేసి దిగడమే.

అసలు చదువు అవలాంచ్ గురించి, అంటే కొండ వాలు మీద మంచు ఒక్కసారిగా విరిగి కిందికి జారిపడటం. పలక లాగా విరిగి జారే మంచు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో విరుగుతుంది, సరిగ్గా స్కీయింగ్ కి బాగుండే వాలు అదే. కాబట్టి వాలు కొలిచే చిన్న ఇంక్లినోమీటర్ కొనుక్కోండి, ఫోన్ లో కూడా ఉంటుంది, కళ్లతో చూసి అంచనా వేయొద్దు. పెద్ద మంచు పడినాక ఒకటి రెండు రోజులు, గాలి మంచుని ఎగరేసి ఒక పక్క కుప్ప వేసినప్పుడు, ఉన్నట్టుండి ఎండ కాసి వేడెక్కినప్పుడు, ఈ మూడు సందర్భాల్లో ఆ వాలుల్లోకి పోకండి. కాలు కింద మంచు ధబ్ మని కుంగిన శబ్దం వచ్చినా, స్కీ ముందు నుంచి పగుళ్లు పాకినా ఆ రోజు స్కీయింగ్ అయిపోయింది, వచ్చిన దారిలోనే వెనక్కి. చండీగఢ్ లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్ఈ అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది, పొద్దున్నే అది చూసి, లోకల్ గైడ్ ని, గుల్మార్గ్ అయితే స్కీ పెట్రోల్ వాళ్లని అడిగి కదలండి.

ఒక్కొక్కరి దగ్గరా మంచు కింద పడినా యాడున్నామో సిగ్నల్ ఇచ్చే, ఇంకొకరి సిగ్నల్ వెతికే బీకన్, మంచులో గుచ్చి చూసే పొడుగు కడ్డీ ప్రోబ్, పార మూడూ ఉండాలి, గ్రూపుకి ఒకటి అంటే లేనట్టే. మంచు కింద పడినోళ్లని మొదటి పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు, అరగంట దాటితే ముగ్గురు బతకడమే కష్టం, రెస్క్యూ వాళ్లు వచ్చేదాకా ఆ టైం ఉండదు, తీయాల్సింది పక్కనున్న మీ ఫ్రెండే. అందుకే డేంజర్ వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరే పోవాలి, మిగిలినోళ్లు సేఫ్ చోట నిలబడి కన్ను తిప్పకుండా చూడాలి. బీకన్ వెతకడం సీమలో కూడా ప్రాక్టీసు చేయొచ్చు, పెన్నా ఇసుకలో ఒకటి పాతిపెట్టి రెండో దాంతో టైం పెట్టుకుని వెతకండి, గట్టి ఇసుకని పారతో తవ్వితే చేతులకి ఆ కష్టం ముందే తెలుస్తుంది. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్ లోని ద్రౌపదీ కా దండా అనే శిఖరం మీద అవలాంచ్ లో పోయిన పాతిక మందికి పైగా ఉన్న వాళ్లు పర్వతారోహణ సంస్థ నుంచి ట్రైనింగ్ కి పోయినోళ్లే, ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారు. నేర్చుకున్న వాళ్లకే అట్లయితే నేర్చుకోకుండా పోవడం గురించి ఆలోచించండి.

తిరుగు టైం పొద్దున్నే ఫిక్స్ చేసుకోండి, ఒంటి గంట అనుకుంటే ఒంటి గంటే, శిఖరం వంద అడుగుల దూరంలో ఉన్నా తిరగాల్సిందే. రూటు, గైడ్ నంబర్, తిరిగొచ్చే తేదీ ఇంట్లో ఒకరికి రాసిచ్చి పోండి.

మార్చి నుంచి ఆగస్టు

మార్చి, ఏప్రిల్ లో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే మంచు ఉంటుంది, పొద్దున్న తొమ్మిది పది మధ్య పై పొర రొంత మెత్తబడినప్పుడు జారితే దానంత సుఖం ఇంకొకటి లేదు, కానీ చీకటితో బయలుదేరి మధ్యాహ్నానికి ముందే దిగిపోవాలి. మే, జూన్ లో ఈడ 42 డిగ్రీలు ఉన్నప్పుడు స్కీ పక్కన పెట్టి మామూలు బ్యాక్‌ప్యాకింగ్ కి పోండి, జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా 4,270 మీటర్ల హంప్టా పాస్ బాగుంటుంది, ఒక పక్క పచ్చటి కుల్లు లోయ, ఇంకో పక్క వాన తక్కువ పడే లాహౌల్, అది మన అనంతపురం వాళ్లకి ఇంటి లాగే అనిపిస్తుంది. వాలీ ఆఫ్ ఫ్లవర్స్ జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరుస్తారు, పూలు జులై, ఆగస్టులో, ఉత్తరాఖండ్ రోడ్ల మీద కొండచరియలు పడేది కూడా అప్పుడే కాబట్టి తిరుగు ప్రయాణానికి రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి.

ఇంటికొచ్చినాక సామాన్లు అటక మీద పడేయొద్దు, మన ఎండాకాలంలో అటక కొలిమి. స్కిన్ల జిగురు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటుంది, షూ సోల్ పొడి పొడి అయి ఊడిపోతుంది. అన్నీ నీడలో బాగా ఆరబెట్టి, స్లీపింగ్ బ్యాగు, డౌన్ జాకెట్టు నొక్కి కుక్కకుండా పెద్ద కాటన్ సంచిలో వదులుగా వేసి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో, మంచం కిందో బీరువాలోనో పెట్టండి, బీకన్ లో బ్యాటరీలు తీసేయండి, స్కీ అంచులకి తుప్పు పట్టకుండా రొంత నూనె రుద్దండి.